కొత్త అంతరిక్ష క్లబ్బు: పాతికమంది పిల్లలు, పదిహేను వేల రూపాయలు, ఎక్కడ మొదలుపెట్టాలి?

కాకతీయ_కక్ష్య (హనుమకొండ)

అందరికీ నమస్తే. మా కాలనీలో అంతరిక్షం అంటే ఇష్టపడే పిల్లల కోసం ఒక క్లబ్బు పెడుతున్నాం. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పాతికమంది పేర్లిచ్చారు. నెలకు రెండు ఆదివారాలు, పూటకు మూడు గంటలు. చందాలతో పదిహేను వేలు జమైంది. ఆటస్థలం ఉంది, మేం కలిసే హాలుకు డాబా ఉంది, పెద్దవాళ్లం నలుగురం ఉన్నాం.

కొందరు తల్లిదండ్రులు మొత్తం డబ్బుతో ఒక టెలిస్కోపు కొనేద్దామంటున్నారు. క్విజ్‌లు, పోస్టర్లు, వీడియోలతో సరిపెట్టడం మాకు ఇష్టం లేదు. పిల్లల చేతులు పనిచేయాలి, ఇంటికెళ్లేటప్పుడు కొలిచి రాసుకున్న అంకె ఒక్కటైనా నోట్‌బుక్కులో ఉండాలి. ఏ వరసలో ఏం చేయించాలో కొలతలతో సహా చెప్పగలరా?

భరణి (కర్నూలు)

టెలిస్కోపు కొనడం ఒక ఏడాది ఆపండి. పాతికమందికి తలా రెండు నిమిషాలిచ్చినా యాభై నిమిషాలు పోతాయి, ఒకరు చూస్తుంటే ఇరవై నలుగురు నిలబడాలి. ట్రాకింగ్ లేని దుర్భిణిలో శని గ్రహాన్ని వంద రెట్లకు పెంచి చూస్తే రెండు నిమిషాల్లో అంచు దాటిపోతుంది. అంటే ప్రతి పిల్లవాడి తర్వాతా పెద్దవాళ్లు మళ్లీ సరిచేస్తూ కూర్చోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులు ఎలాగూ ఉంటాయి.

మొదటి రెండు మూడు కలయికలకు నీటి రాకెట్. తర్వాత స్పేస్ స్టేషన్‌ను కంటితో చూడటం, దానికి పైసా ఖర్చు లేదు. మిగిలిన డబ్బు ఉపగ్రహాల నుంచి బొమ్మలు నేరుగా పట్టే రేడియో మీద పెట్టండి. మబ్బులున్నా అది ఆగదు. పైగా మబ్బులే ఆ బొమ్మలో అన్నిటికంటే బాగా కనిపిస్తాయి.

నీటిరాకెట్ (మచిలీపట్నం)

భరణి గారి వరసే సరైనది. రాకెట్ ఎవరైనా చేస్తారు. పని ఆగిపోయేది లాంచర్ దగ్గర. అందుకే అక్కణ్నుంచి రాస్తాను.

సీసా: రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా. గ్యాసున్న పానీయాలదే కావాలి. మంచినీళ్ల సీసా గోడ పల్చన, అది ఒత్తిడికి పనికిరాదు.

పైపు: కూల్‌డ్రింకు సీసా మూతి లోపలి వ్యాసం సుమారు 21.7 మిల్లీమీటర్లు. ప్లంబింగ్‌కు వాడే అరంగుళం తెల్ల యూపీవీసీ పైపు బయటి వ్యాసం 21.3. రెండూ ఒకదానికోసం ఒకటి చేసినట్టు కుదురుతాయి. కొట్లో ‘అరంగుళం’ అని అడిగితే ఒక్కోసారి సీపీవీసీ ఇస్తారు. అది వేడినీళ్లకు వాడేది, దాని బయటి వ్యాసం 15.9, మూతిలో వదులుగా ఆడుతుంది. వ్యవసాయానికి వాడే 20 మిల్లీమీటర్ల పైపు కూడా వదులే. సీసా వెంట పట్టుకెళ్లి, కొట్లోనే దూర్చి చూసుకోండి.

గాలి బయటికి పోకుండా: నిలువు పైపు మీద, సీసా మూతి వచ్చి ఆగే చోట హ్యాక్సా బ్లేడుతో చుట్టూ ఒకటిన్నర మిల్లీమీటరు లోతు గాడి తీయండి. అందులో 2 మిల్లీమీటర్ల మందం, 18 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ఓ-రింగు (గుండ్రటి రబ్బరు ఉంగరం). రింగు గాడిలోంచి అర మిల్లీమీటరే పైకి రావాలి. ఎక్కువ వస్తే సీసా ఎక్కదు, తక్కువైతే గాలి నిలవదు. ఎక్కించే ముందు రింగుకు కొంచెం సబ్బునీళ్లు రాయండి.

పట్టు: పైపు చుట్టూ ఎనిమిది కేబుల్ టైలు (తీగలు కట్టే ప్లాస్టిక్ పట్టీలు), తలలు పైకి ఉండేలా నిలబెట్టి, కింద హోస్ క్లిప్పుతో బిగించండి. తలలు సీసా మెడ దగ్గరుండే ప్లాస్టిక్ అంచును పట్టుకునే ఎత్తులో ఉండాలి. వాటి మీదికి ఒకటిన్నర అంగుళాల పైపు ముక్క, 5 సెంటీమీటర్ల పొడవుది, ఉంగరంలా జారాలి. ఉంగరం పైకుంటే తలలు అంచును వదలవు. తాడుతో ఉంగరాన్ని కిందికి లాగితే తలలు విచ్చుకుని సీసా లేస్తుంది. తాడు పది మీటర్లు. ఉంగరానికి రెండు వైపులా కట్టి ఒక తాడుగా కలపండి. ఒక్క వైపే కడితే ఉంగరం వంకరగా ఇరుక్కుంటుంది.

గాలి దారి: లాంచర్ అడుగు నుంచి పది మీటర్ల కంప్రెసర్ గొట్టం, ఆ చివర బాల్ వాల్వు (చేత్తో తిప్పి తెరిచే కుళాయి) ఉన్న టీ, అంటే మూడు దారుల పైపు ముక్క, దాని పక్కన ట్యూబ్‌లెస్ టైరు వాల్వు. మీటరున్న నిలువు పంపు ఆ వాల్వుకు తగులుతుంది. పాత సైకిలు పంపు క్లిప్పు దీనికి పట్టదు. బాల్ వాల్వు లేకుండా మాత్రం చేయకండి. ఎప్పుడైనా సీసా లేవకపోతే, దగ్గరికి వెళ్లకుండా పంపు దగ్గర్నుంచే గాలి వదిలేయడానికి అదొక్కటే దారి.

పైపు అతుకులకు సాల్వెంట్ సిమెంటు వేశాక ఒక రోజంతా ఆరనివ్వండి. తర్వాత మొత్తాన్ని నీళ్లతో నింపి 6 బార్ (పంపు మీటరు చూపే ఒత్తిడి కొలత) దాకా పంపు కొట్టి పరీక్షించండి. లోపల గాలి బదులు నీళ్లుంటే, పగిలినా ముక్కలు ఎగరవు, తడిసిపోవడమే. కొత్త సీసా బ్యాచ్ తెచ్చినప్పుడూ ఇదే పరీక్ష. ఆ తర్వాత మైదానంలో 4 బార్ దాటనివ్వకండి, అంటే దాదాపు 58 పీఎస్ఐ. పిల్లలు 5, 6 అని అడుగుతారు. ఇవ్వకండి. పన్నెండు, పదిహేను సార్లు ఎగిరిన సీసాను కోసి పారేయండి. అలా వదిలేస్తే ఎవరో ఒకరు మళ్లీ ఎక్కిస్తారు.

నీళ్లు 650 మిల్లీలీటర్లు, అంటే మూడో వంతు.

కాకతీయ_కక్ష్య (హనుమకొండ)

ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు, చాలా థాంక్సండీ. రెండు సందేహాలు. నీళ్లు సగం పోస్తే ఎక్కువసేపు తోపు (పైకి నెట్టే బలం) ఉంటుంది కదా, మూడో వంతే ఎందుకు? పిల్లల్ని లాంచర్‌కు ఎంత దూరంలో నిలబెట్టాలి?

నీటిరాకెట్ (మచిలీపట్నం)

నీళ్లను బయటికి నెట్టేది లోపలి గాలి. నీళ్లు పెరిగితే గాలికి చోటు తగ్గుతుంది, సగం నీళ్లు వెళ్లకముందే దాని ఒత్తిడి పడిపోతుంది, మిగతా నీళ్ల బరువు రాకెట్టే మోయాలి. బొత్తిగా తక్కువ పోస్తే నెట్టడానికి సరుకే ఉండదు. ఈ మాట నన్ను నమ్మి తీసుకోకండి, రెండో కలయిక మొత్తం దీనికే ఇవ్వండి. ఒకే సీసా, ప్రతిసారీ 3 బార్, నీళ్లు 0, 300, 650, 1000, 1300 మిల్లీలీటర్లు. ఒక్కోదానికి మూడు ప్రయోగాలు, సగటు ఎత్తుతో గ్రాఫు. గీత ఎక్కి దిగుతుంది. శిఖరం ఎక్కడుందో పిల్లలే చెబుతారు.

దూరం విషయం. 4 బార్ వద్ద మూతి గుండా వచ్చే తోపు లెక్క కట్టండి: ఒత్తిడిని మూతి వైశాల్యంతో, మళ్లీ రెండుతో హెచ్చిస్తే సుమారు 300 న్యూటన్లు. ముప్పై కిలోల బియ్యం బస్తా బరువంత. నీళ్లు సెకనుకు 28 మీటర్ల వేగంతో బయలుదేరి, సెకనులో పదో వంతులో అన్నీ అయిపోతాయి. కన్ను ఆర్పేలోపు జరిగే పని ఇది. కాబట్టి తాడు లాగేవాడు పది మీటర్లు, మిగతావాళ్లు ఇరవై మీటర్లు. పంపు మొదలయ్యాక సీసా మీదికి ఎవరూ వంగకూడదు, నీళ్లు కారుతున్నా సరే, సర్దడానికి వెళ్లకూడదు. కరెంటు తీగలకు దూరంగా, గాలి జోరుగా లేని పూట.

భరణి (కర్నూలు)

ఎత్తు కొలవడం నేను చెబుతాను. కోణమానిని, దాని మధ్య బిందువుకు దారం, దారం చివర ఒక నట్టు, సూటిగా చూడటానికి పైన జ్యూస్ స్ట్రా. లాంచర్ నుంచి 50 మీటర్లు టేపుతో కొలిచి ఒకరు, దానికి ఎదురుగా అవతలి వైపు 50 మీటర్ల దగ్గర ఇంకొకరు. రాకెట్ శిఖరానికి చేరి తిరగబడే క్షణంలో దారాన్ని వేలితో నొక్కి పట్టాలి. కోణం 45 డిగ్రీలైతే ఎత్తు 50 మీటర్లు, దానికి చూసే కంటి ఎత్తు కలపాలి. ఇద్దరెందుకంటే, రాకెట్ నిలువుగా వెళ్లదు. ఒకరి వైపు వాలితే ఆ మనిషికి కోణం పెరుగుతుంది, అవతలి మనిషికి తగ్గుతుంది, కాబట్టి ఇద్దరి లెక్కలను సగటు చేయాలి.

స్టాప్‌వాచీ ఉంటే ఇంకో అంచనా: లేచినప్పటి నుంచి నేల తాకే దాకా సెకన్లను వర్గం చేసి 1.23తో హెచ్చించండి. ఆరు సెకన్లకు 44 మీటర్లు వస్తుంది. గాలి నిరోధం లెక్కలో లేదు కనుక అంచనాగానే వాడండి. పారాచూట్ కట్టిన రాకెట్‌కు ఇది అస్సలు చెల్లదు.

గాలిపటం_99 (విజయనగరం)

రెక్కల సంగతి ఎవరూ చెప్పలేదు. సీసా పైకి లేచి గిరగిరా తిరిగి పడిపోతోందంటే సమస్య తొంభై శాతం అక్కడే. ఫ్యాన్సీ దుకాణంలో దొరికే సూపర్ గ్లూతో అతికించవచ్చా?

నీటిరాకెట్ (మచిలీపట్నం)

వద్దు. సూపర్ గ్లూ సీసా ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తుంది, ఒత్తిడి ఎక్కినప్పుడు సరిగ్గా ఆ గీత వెంటే పగులుతుంది. వేడి గ్లూ గన్ సీసాను ముడతలు పడేలా చేస్తుంది. ఉప్పు కాగితంతో గీరడమూ తప్పే. బోర్డుల వెనక వాడే సన్‌ప్యాక్ షీటుతో మూడో నాలుగో రెక్కలు కోసి, అడుగు అంచును రెండు వైపులకూ మడిచి, సీసా చుట్టూ ప్యాకింగ్ టేపుతో బిగించండి. పూర్తిగా మూతి వైపుకు, అంటే రాకెట్ తోక వైపుకు ఉండాలి.

తిరగబడటానికి కారణం ఎక్కువసార్లు ముక్కు తేలికగా ఉండటం. గరిమనాభి (బరువు సమంగా నిలిచే చోటు), పీడన కేంద్రానికి (గాలి తోపు పనిచేసే చోటుకు) కనీసం ఒక సీసా వెడల్పంత ముందుండాలి. పరీక్ష తేలిక: నీళ్లు లేకుండా రాకెట్‌ను దారం మీద అడ్డంగా వేలాడదీసి, సమంగా నిలిచే చోట ముడి వేయండి. రెండు మీటర్ల దారంతో తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుండి తిరిగితే ఎగురుతుంది. అడ్డంగానో, తోక ముందుకొచ్చో తిరిగితే ముక్కులో 20 గ్రాముల బంకమట్టి వేసి మళ్లీ తిప్పండి. 60 గ్రాములు వేసినా మారకపోతే రెక్కలు చిన్నవని అర్థం.

ముక్కు మొనదేలి ఉండకూడదు. టెన్నిస్ బంతి సగం కోసి తొడగండి. దిగేటప్పుడు ఎవరికైనా తగిలితే అదే కాపాడుతుంది.

అగ్నిరేఖ (ఖమ్మం)

నీటి రాకెట్ చిన్నపిల్లల ఆట అనిపిస్తుంది. ఇంటర్ వాళ్లున్నారు కదా, పంచదార ఇంధనంతో ఘన ఇంధన మోటారు చేయిస్తే అసలు రాకెట్ విద్య వస్తుంది. వీడియోలు బోలెడు ఉన్నాయి.

భరణి (కర్నూలు)

అగ్నిరేఖ గారూ, మీ ఉత్సాహం అర్థమైంది, కానీ క్లబ్బులో ఇది జరగకూడదు. అలాంటి మిశ్రమం తయారుచేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తుంది, లైసెన్సు లేకుండా నేరం. చట్టం సంగతి అటుంచినా, వేడి చేసేటప్పుడు అంటుకుంటే పారిపోయే సమయం ఉండదు. ఇంధనం దిమ్మలో చిన్న పగులున్నా మండే ఉపరితలం ఒక్కసారిగా పెరిగి గొట్టం పేలుతుంది. పగులు పైకి కనబడదు.

మన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబరు 18న ఎగరేసిన విక్రమ్-ఎస్ రాకెట్ కూడా ఇన్-స్పేస్ (ప్రైవేటు అంతరిక్ష ప్రయోగాలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ) అనుమతి తీసుకుని శ్రీహరికోట నుంచే వెళ్లింది. రాకెట్ విద్య అంటే ఆ క్రమశిక్షణ కూడా. ఇంటర్ పిల్లలకు నీటి రాకెట్ చిన్నదనిపిస్తే, ప్రతి పదో వంతు సెకనుకు నీళ్ల బరువు, గాలి ఒత్తిడి, తోపు ఎలా మారతాయో స్ప్రెడ్‌షీట్లో కట్టమనండి. మైదానంలో కొలిచిన ఎత్తుకూ దీనికీ తేడా ఎందుకొచ్చిందో రాయమనండి. నెల పడుతుంది.

ఫ్రిస్కో_తెలుగు (టెక్సస్)

ఇక్కడి వీడియోలు చూసి చాలామంది పొరబడతారు. అమెరికాలో పిల్లలు వాడేవి కర్మాగారంలో తయారై, ధృవీకరణ పొంది, హాబీ దుకాణంలో అమ్మే చిన్న మోటార్లు. ఒకసారి వాడి పారేసేవి. ఇంట్లో ఇంధనం కలపడాన్ని ఇక్కడి మోడల్ రాకెట్ భద్రతా నియమావళి కూడా ఒప్పుకోదు. భరణి గారి మాటే వినండి.

అగ్నిరేఖ (ఖమ్మం)

సరేనండీ, ఒప్పుకుంటున్నా. స్ప్రెడ్‌షీట్ పని బాగుంది, పదో వంతు సెకను బదులు నూరో వంతు తీసుకోవాలి కదా, నీళ్లన్నీ పదో వంతులోనే అయిపోతాయన్నారు?

భరణి (కర్నూలు)

నిజమే, నా పొరపాటు. నూరో వంతుకు కూడా గీత గరుకుగా వస్తుంది. వెయ్యో వంతు, అంటే 0.001 సెకను మెట్టు పెట్టండి. నీళ్లయ్యే దాకా వంద వరసలే.

కాకతీయ_కక్ష్య (హనుమకొండ)

రేడియో సంగతికి వద్దాం. ఒక వీడియో చూసి మిత్రుడి దగ్గరున్న ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (ల్యాప్‌టాప్‌కు గుచ్చే చిన్న రేడియో రిసీవర్) ప్రయత్నం చేశాం. అమెరికా వాతావరణ ఉపగ్రహాలు నోవా 15, 18, 19లకు 137.62, 137.9125, 137.1 మెగాహెర్ట్జ్ అని చెప్పారు. అంతా నిశ్శబ్దం. యాంటెన్నా తప్పా?

డాబా_యాంటెన్నా (గుంటూరు)

మీ యాంటెన్నా తప్పు కాదు. ఆ మూడు ఉపగ్రహాలనూ 2025లో ఆపేశారు. వాటి సంకేతపు ‘టిక్-టాక్’ శబ్దం ఇక రాదు. పాత వీడియోలన్నీ వాటి గురించే కాబట్టి కొత్తవాళ్లు ఇక్కడే నిరాశపడతారు.

ఇప్పుడు పట్టాల్సింది రష్యా వాతావరణ ఉపగ్రహాలు మెటియోర్-ఎం ఎన్2-3, ఎన్2-4. మొదటిది 2023 జూన్‌లో, రెండోది 2024 ఫిబ్రవరిలో ఎగిరాయి. 137.900 మెగాహెర్ట్జ్ మీద, అప్పుడప్పుడు 137.100 మీద, డిజిటల్‌గా పంపుతాయి. ఒక పిక్సెల్ దాదాపు ఒక కిలోమీటరు. తీరప్రాంతం, కృష్ణా గోదావరి డెల్టాల ఆకుపచ్చ, పులికాట్ సరస్సు అన్నీ గుర్తుపట్టవచ్చు. మొదట ఎన్2-4తో మొదలుపెట్టండి, దాని సంకేతం బలంగా ఉంటుంది. ఎన్2-3 యాంటెన్నా పూర్తిగా విచ్చుకోలేదు కాబట్టి అది బలహీనం.

యాంటెన్నా ఖర్చు మూడు వందలు దాటదు. 3 లేదా 4 మిల్లీమీటర్ల అల్యూమినియం కడ్డీలు రెండు, ఒక్కోటి 53.4 సెంటీమీటర్లు. కరెంటు దుకాణంలో దొరికే ప్లాస్టిక్ కనెక్టర్ స్ట్రిప్‌లో రెండు గళ్లకు ఒక్కో కడ్డీ. 53.4 అనేది స్క్రూ బయటికి కనబడే పొడవు కాదు, స్ట్రిప్ లోపలిది కూడా కలిపి. కడ్డీల మధ్య కోణం 120 డిగ్రీలు, కోణమానినితోనే పెట్టండి. ఆ కోణంలో యాంటెన్నా నిరోధం (ఇంపీడెన్స్) కేబుల్‌కు సరిపడే 50 ఓమ్‌లకు దగ్గరగా వస్తుంది. కేబుల్ మధ్య తీగ ఒక కడ్డీకి, పైన అల్లిక రెండో కడ్డీకి. టీవీ కేబుల్ 75 ఓమ్‌లది, అయినా పర్వాలేదు, ఇంత చిన్న పనికి నష్టం తెలియదు. పొడవు మాత్రం పది మీటర్లు దాటనివ్వకండి.

కడ్డీలు నేలకు సమాంతరంగా ఉండాలి, నిలబెట్టకూడదు. ‘వి’ ఆకారం నోరు ఉత్తరానికో దక్షిణానికో తిప్పండి. ఈ ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరుగుతాయి కాబట్టి అటూ ఇటూ బాగా వినిపిస్తుంది. పడుకోబెట్టడం వల్ల ఇంకో లాభం ఉంది. నేల మీది చాలా ప్రసారాలు నిలువు ధ్రువణంలో (తరంగం నిలువుగా ఊగేలా) ఉంటాయి, అవి ఇందులో బలహీనంగా వస్తాయి. ప్లాస్టిక్ పైపు మీద కట్టండి. ఇనుప పైపు, రేకుల షెడ్డు, నీళ్ల ట్యాంకు ఇనుప స్టాండు దగ్గర వద్దు.

సాఫ్ట్‌వేర్ సాట్‌డంప్, ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లోనూ నడుస్తుంది, కానీ పిల్లలందరికీ కనబడాలంటే ల్యాప్‌టాప్ పెట్టండి. ముందు ఉపగ్రహాల కక్ష్య వివరాలు అప్‌డేట్ చేయండి, పాతబడితే సమయం తప్పుతుంది. సంకేతాన్ని బొమ్మగా మార్చే పద్ధతుల జాబితాలో మెటియోర్ ఎల్‌ఆర్‌పీటీ 72కే పైప్‌లైన్ ఎంచుకోండి. గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) 35 దగ్గర మొదలుపెట్టి పాస్ (ఉపగ్రహం మన ఆకాశం దాటే సమయం) నడుస్తుండగా అటూ ఇటూ జరపండి. ఆంప్లిఫయర్ లేకపోతే బయాస్-టీ (కేబుల్ గుండా ఆంప్లిఫయర్‌కు కరెంటు పంపే మీట) ఆపి ఉంచండి. గరిష్ఠ ఎత్తు 30 డిగ్రీలు దాటిన పాస్‌లనే ఎంచుకోండి. పాస్ పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. తెర మీద చుక్కల మబ్బు నాలుగు గుంపులుగా విడిపోయిందంటే సంకేతం చిక్కినట్టు, అప్పుడు బొమ్మ ఒక్కో వరసా దిగుతుంది. ఆ క్షణంలో హాలంతా గోలగోలగా ఉంటుంది, ల్యాప్‌టాప్‌ను ఎవరూ కదపకుండా చూడండి.

కాకతీయ_కక్ష్య (హనుమకొండ)

కడ్డీలు పెట్టాం, ఎన్2-4 వచ్చింది! హైదరాబాద్ మీద మబ్బులు స్పష్టంగా ఉన్నాయి. కానీ మధ్యలో రెండు చోట్ల నల్ల పట్టీలు, దక్షిణం వైపు సగం బొమ్మ లేదు. రాత్రి పాస్‌లో రెండు చానళ్లు పూర్తిగా నలుపు.

డాబా_యాంటెన్నా (గుంటూరు)

శుభం! రాత్రి నలుపు లోపం కాదు. అవి కనిపించే వెలుగు చానళ్లు, రాత్రి వెలుగు లేదు. పరారుణ చానల్ తీసుకోండి, అందులో ఎత్తైన చల్లని మబ్బులు తెల్లగా వస్తాయి.

నల్ల పట్టీలకు మూడు కారణాలు ఉండొచ్చు. ఒకటి, డాబా మీద ఎల్‌ఈడీ లైటు, ఇన్వర్టరు, ల్యాప్‌టాప్ చార్జరు చేసే రొద. చార్జరు తీసేసి బ్యాటరీ మీద నడపండి, హాలు లైట్లు ఆర్పి చూడండి. పట్టీ ఒకే లయలో వస్తే ఇదే. రెండు, దగ్గర్లో ఎఫ్‌ఎం ప్రసార టవర్ ఉంటే డాంగిల్ ఉక్కిరిబిక్కిరి అవుతుంది. గెయిన్ తగ్గించగానే సంకేతం మెరుగైతే ఇదే. ఎఫ్‌ఎం సంకేతాలను ఆపే ఫిల్టర్ ఒకటి యాంటెన్నాకూ డాంగిల్‌కూ మధ్యలో పెడితే తీరుతుంది. మూడు, ల్యాప్‌టాప్ అందుకోలేక శాంపిళ్లు (డాంగిల్ పంపే అంకెలు) జారవిడవడం. శాంపిల్ రేటు సెకనుకు 1.024 మిలియన్లకు దించండి, డాంగిల్‌ను హబ్ లేకుండా నేరుగా గుచ్చండి.

దక్షిణం సగం లేకపోవడం మాత్రం అడ్డం వల్ల. ఆ వైపు భవనమో, మెట్ల గదో ఉందేమో చూడండి. యాంటెన్నాను రెండు మీటర్లు పక్కకు జరిపితే ఎన్ని వరసలు పెరిగాయో లెక్కపెట్టి రాయించండి.

కాకతీయ_కక్ష్య (హనుమకొండ)

సరిగ్గా దక్షిణాన మెట్ల గదే ఉంది. లైట్లు ఆర్పితే ఒక పట్టీ పోయింది. జరిపి మళ్లీ చూస్తాం.

హామ్_విశాఖ

ఈ డాంగిల్‌తోనే స్పేస్ స్టేషన్ కూడా వినండి. 145.800 మెగాహెర్ట్జ్ ఎఫ్‌ఎం. అప్పుడప్పుడు కొన్ని రోజులపాటు ఎస్‌ఎస్‌టీవీ (బొమ్మను శబ్దంగా మార్చి పంపే పద్ధతి) బొమ్మలు పంపుతారు, తేదీలు ముందే ప్రకటిస్తారు. పీడీ120 పద్ధతిలో ఒక బొమ్మకు రెండు నిమిషాలు. ఫోన్లో ఎస్‌ఎస్‌టీవీ ఆప్ తెరిచి స్పీకరు పక్కన పెడితే చాలు. బొమ్మ వంకరగా జారుతూ వస్తే శాంపిల్ రేటు తేడా, ఆప్‌లో స్లాంట్ సరిచేయాలి. స్టేషన్ దగ్గరికి వస్తున్నప్పుడు ఫ్రీక్వెన్సీ దాదాపు 3.5 కిలోహెర్ట్జ్ ఎక్కువగా, దూరమయ్యేటప్పుడు అంతే తక్కువగా ఉంటుంది. డాప్లర్ ప్రభావాన్ని పుస్తకంలో రైలు కూతతో చెబుతారు, ఇక్కడ తెర మీద సంకేతపు గీత వంగడం కంటికి కనిపిస్తుంది.

ఒక ముఖ్యమైన మాట: వింటే చాలు, లైసెన్సు లేకుండా ఎవరూ ప్రసారం మీట నొక్కకూడదు. ఇంటర్ పిల్లల్లో ఆసక్తి ఉంటే హామ్ రేడియో లైసెన్సుకు పెట్టే ఏఎస్ఓసీ పరీక్షకు చదివించండి.

కంటితో చూడటానికి: సూర్యాస్తమయం తర్వాత గంటన్నర, రెండు గంటల లోపు, లేదా తెల్లవారుజామున. రెప్పవేయని తెల్లని చుక్క, నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటుతుంది. మధ్యలో హఠాత్తుగా మాయమైతే భూమి నీడలోకి వెళ్లినట్టు. మాయమైన సమయాన్ని సెకను దాకా రాసి, స్టేషన్ వేళలు చూపే ఆప్ చెప్పిన సమయంతో పోల్చండి.

పులికాట్ (సూళ్లూరుపేట)

ఏడాదికొకసారి శ్రీహరికోట ప్రయాణం పెట్టుకోండి. ప్రయోగాన్ని జనం చూడటానికి 2019లో గ్యాలరీ తెరిచారు. పీఎస్‌ఎల్‌వీ-సీ45 అక్కణ్నుంచి జనం చూసిన మొదటి ప్రయోగం. ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ప్రయోగానికి కొద్ది రోజుల ముందే తెరుచుకుంటుంది, త్వరగా నిండిపోతుంది. పాతికమందికి ఒక్కరే కూర్చుని నింపాలంటే కుదరదు. పేర్లు, గుర్తింపు కార్డు నంబర్లు ముందే ఒక కాగితం మీద రాసి నలుగురు పంచుకోండి. వచ్చేటప్పుడు అసలు కార్డులు తప్పనిసరి. రైల్లో అయితే సూళ్లూరుపేటలో దిగాలి, అక్కణ్నుంచి పులికాట్ మధ్యగా వెళ్లే రోడ్డు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల వల్ల తేదీ జరగవచ్చు. తిరుగు టికెట్ ఆ రోజుకే తీసుకోకండి. ప్రయోగం వాయిదా పడినా చలికాలమైతే పిల్లలు ఊరికే తిరిగి వెళ్లరు. సరస్సు నిండా రాజహంసలుంటాయి.

పిల్లలు చూడాల్సిన వరస కాగితం మీద ఇవ్వండి, లేకపోతే ‘పోయింది, పోయింది’ అని అరవడంతో అయిపోతుంది. పీఎస్‌ఎల్‌వీ ఎక్స్‌ఎల్ అయితే ఆరు స్ట్రాపాన్లలో (పక్కన కట్టిన చిన్న రాకెట్లలో) నాలుగు నేల మీదే మండుతాయి, మిగతా రెండు దాదాపు 25వ సెకనులో గాల్లో అంటుకుంటాయి. 70వ సెకను దగ్గర మొదటి నాలుగూ విడిపోతాయి. 110 సెకన్ల ప్రాంతంలో మొదటి దశ విడిపోతుంది. ఇస్రో భారీ రాకెట్ ఎల్‌వీఎం3 అయితే తేడా: రెండు పెద్ద ఘన బూస్టర్లే లేపుతాయి, మధ్యలోని ద్రవ దశ రెండు నిమిషాలు కావస్తుండగా గాల్లో మొదలవుతుంది. ఆకాశం తేటగా ఉండి బైనాక్యులర్ ఉంటే బూస్టర్లు రాలడం కనబడుతుంది. రాకెట్ ఎటు వంగిందో దిక్సూచితో గమనించమనండి. ధ్రువ కక్ష్యకు వెళ్లేది ముందు ఆగ్నేయానికి వంగుతుంది. శ్రీలంక మీదుగా వెళ్లకూడదు కదా, తర్వాత దక్షిణానికి తిరుగుతుంది.

శబ్దం కోసం ఒక పని. ఫోన్ వీడియో ఆపకుండా తీయండి. మంట కనబడిన క్షణానికీ గర్జన వినబడిన క్షణానికీ మధ్య సెకన్లను 349తో హెచ్చిస్తే, 30 డిగ్రీల వేడిలో, లాంచ్‌ప్యాడ్ ఎన్ని మీటర్ల దూరమో వస్తుంది. పదిహేను కిలోమీటర్ల అవతల నిలబడినవారికి 43 సెకన్లు పడుతుంది. అప్పటికి రాకెట్ చాలా ఎత్తులో ఉంటుంది, వినిపించేది మాత్రం అది నేల వదిలినప్పటి చప్పుడు.

కాకతీయ_కక్ష్య (హనుమకొండ)

కొనుగోలు జాబితా వేశాను, తప్పులుంటే చెప్పండి. డాంగిల్ సుమారు నాలుగు వేలు, ఎఫ్‌ఎం ఫిల్టర్ ఒకటిన్నర వేలు, కడ్డీలు కేబుల్ ఎనిమిది వందలు, మీటరున్న పంపు పన్నెండు వందలు, పైపులు, గొట్టం, వాల్వులు కలిపి రెండు వేలు, కోణమానినులు, టేపు, సన్‌ప్యాక్ ఎనిమిది వందలు. మిగిలింది శ్రీహరికోట బస్సుకు. టైరు వాల్వుకు ఎండ్ క్యాప్‌లో (పైపు చివరి మూతలో) ఎంత రంధ్రం వేయాలి?

డాబా_యాంటెన్నా (గుంటూరు)

ఎఫ్‌ఎం ఫిల్టర్ ఇప్పుడే కొనకండి. గెయిన్ తగ్గించి చూశాక అవసరమైతేనే. ఆ డబ్బు ఇంకో డాంగిల్ ధరలో మూడో వంతు పైనే, అది కొంటే రెండు జట్లు పోటీగా ఒకే పాస్ పట్టవచ్చు.

నీటిరాకెట్ (మచిలీపట్నం)

టీఆర్ 413 వాల్వు అడగండి, రంధ్రం 11.5 మిల్లీమీటర్లు. ఆ బిట్టు దొరక్కపోతే 11 వేసి, గుండ్రటి ఆకురాయితో అర మిల్లీమీటరు పెంచండి. 12 వేస్తే రబ్బరు పట్టదు, ఒత్తిడికి ఊడిరావచ్చు. క్యాప్ అరంగుళానిది కాకుండా ఒక అంగుళానిది తీసుకుని రిడ్యూసర్‌తో (పెద్ద పైపును చిన్నదానికి కలిపే ముక్కతో) కలపండి, అరంగుళం క్యాప్ లోపల వాల్వు తల కూర్చోదు. రంధ్రం అంచుల గరుకు తీసి, సబ్బునీళ్లు రాసి, లోపలి నుంచి బయటికి లాగండి. క్యాప్‌ను పైపుకు అతికించడం ఆ తర్వాతే.